బూజుతో కట్టిన ఇల్లు

పక్షుల పనితనం మాట వస్తే మనవాళ్లు గిజిగాడి దగ్గరే ఆగిపోతారు. ఈతచెట్లకు, తాటిమట్టలకు వేలాడే ఆ గూళ్లు అల్లంత దూరానికే కనపడతాయి. పైగా వాటి మీద కవి జాషువా పద్యాలు చెప్పాడు. ఆ పేరు దానికి తగినదే. కానీ జనగామ పాత పెంకుటిళ్ల వరండాల్లో, దండెం తీగకో, కరెంటు వైరుకో, మల్లెపందిరి కొసకో వేలాడే గూడు ఇంకొకటుంది. చూస్తే చెత్త చుట్టుకున్న బూజులా ఉంటుంది, చీపురు అందితే ఎవరైనా దులిపేస్తారు. అది తేనెపిట్ట గూడు. నన్నడిగితే గిజిగాడి గూటికన్నా ఒక మెట్టు పైనే.

మన పెరళ్లలో తేనెపిట్టలు ముఖ్యంగా రెండు రకాలు. ఒకదాంట్లో మగది నీడలో నల్లగా ఉంటుంది, ఎండ తగిలిందంటే నీలం, ఊదా తళుక్కుమంటాయి. ఆ మెరుపు ఈకలకు పూసిన రంగు కాదు, ఈక లోపలి సన్నని పొరల మీద వెలుగు ఆడే ఆట. రెండో రకంలో మగదానికి వీపు ముదురెరుపు, పొట్ట పసుపు. ఏదైనా పది సెంటీమీటర్లకు అటూ ఇటూ, బరువు పది గ్రాముల లోపే. ఒంపు తిరిగిన ముక్కు, అందులో గొట్టంలా చుట్టుకున్న నాలుక, దాని కొసన చీలిక. మునగ పూత మీద వాలినప్పుడు ఆ ముక్కు ఎంత సులువుగా పూలలో దూరి వస్తుందో గమనించండి. మందారం దగ్గర మాత్రం దొంగ బుద్ధి చూపిస్తుంది. ముందు నుంచి వెళ్లకుండా పువ్వు అడుగున పొడిచి తేనె లాగేస్తుంది. పుప్పొడి మోసే కూలి ఎగ్గొట్టడమన్నమాట.

ఇక గూడు. కట్టేది ఆడపిట్ట ఒక్కతే. మగడు పక్క కొమ్మ మీద కూర్చుని పాడుతుంటాడు. ఆమె ముందుగా సాలీడు దారం తెస్తుంది. ఆ జిగురు పోగును కొమ్మ చుట్టూ తిప్పి తిప్పి అంటిస్తుంది. గిజిగాడు పచ్చి ఆకు చీలికలను ముడివేసి అల్లుతాడు. ఇక్కడ ముడీ లేదు, అల్లికా లేదు, అంతా అతుకే. పట్టు కుదిరాక గడ్డిపోచలు, పీచు, బెరడు పొట్టు, ఎండుటాకు ముక్కలు, చివరికి గొంగళిపురుగుల పెంటికలు కూడా ఒక్కొక్కటే తెచ్చి సాలెపట్టుతో అతుకుతూ కిందికి దిగుతుంది. పొడుగాటి సంచి తయారవుతుంది. అందులో తానే దూరి, రొమ్ముతో లోపలి నుంచి నొక్కి నొక్కి గుండ్రం తెస్తుంది. జనగామ పక్కనే పెంబర్తిలో ఇత్తడి పనివారు రేకును వెనక నుంచి కొట్టి ముందువైపు బొమ్మ ఉబికేలా చేస్తారు. ఈ పిట్ట పనీ అదే తీరు, ఆకారమంతా లోపలి నుంచే.

పక్కగా, కాస్త పైభాగాన గుమ్మం. గుమ్మం మీద వాన, ఎండ పడకుండా చిన్న చూరు. ఇంత చిన్న ఇంటికి చూరు దించాలన్న ఆలోచన దగ్గరే నేను ఓడిపోతాను. లోపల మెత్తగా జిల్లేడు దూది, బూరుగు దూది పరుస్తుంది. కింద తోకలా వేలాడే చెత్త దాని మారువేషం. మామూలుగా పెట్టేవి రెండు గుడ్లు, పొదిగేదీ ముఖ్యంగా ఆడదే. అప్పుడు గుమ్మంలోంచి సన్నని ముక్కు ఒక్కటే బయటికి కనపడుతుంది. పిల్లలు పుట్టాక మగడూ మేత తేవడానికి వస్తాడు. మేత అంటే తేనె ఒక్కటే కాదు, పురుగులు, సాలీళ్లు కూడా. అంటే సాలీడు ఇల్లూ ఇస్తుంది, తిండీ అవుతుంది. సాలెపట్టు సాగుతుంది కాబట్టి పిల్లలు లోపల ఎదిగి ఒత్తుకున్నా, గాలికి ఊగినా ఆ సంచి తట్టుకుంటుంది.

అమెరికాలో ఉన్న మన పిల్లలు పెరట్లో ఎర్రటి సీసా వేలాడదీసి, ఒక వంతు చక్కెరకు నాలుగు వంతుల నీళ్లు కలిపి పోసి, హమ్మింగ్‌బర్డ్ వీడియోలు పంపుతుంటారు. సెప్టెంబరు దాటుతుంటే ఆ పిట్టల్లో చాలావరకు దక్షిణానికి వెళ్లిపోతాయి. మూడు గ్రాముల ఒంటితో మెక్సికో సింధుశాఖను ఆగకుండా దాటేవీ వాటిలో ఉన్నాయి. చూడ్డానికి తేనెపిట్టకు చెల్లెలే అనిపిస్తుంది కానీ చుట్టరికం లేదు. పూలతేనె తాగే ఒకే వృత్తి రెండింటినీ ఒకే తీరుకు తెచ్చింది. చిత్రమేమంటే, అదీ సాలెపట్టుతోనే గూడు కడుతుంది, అక్కడా కట్టేది ఆడదే. కాకపోతే దాని గూడు పైకప్పు లేని గిన్నె. మనదానికి కప్పుంది, గుమ్మముంది, చూరుంది.

మన పిట్ట ఎక్కడికీ పోదు. దాని సీజన్ ముగియడం ఒంటి మీదే కనపడుతుంది. మాఘం, ఫాల్గుణాల్లో మహబూబాబాద్ జిల్లా గూడూరు, కొత్తగూడ వైపు, భూపాలపల్లి మహదేవ్‌పూర్ అడవుల్లో మోదుగలు పూసినప్పుడు ఊదా మగడి దర్జా చూడాలి. గూళ్ల కాలం గడిచి, వానలు వెనకబట్టి, బతుకమ్మకు తంగేడు పూసే నాటికి చాలామంది మగవాళ్లు ఆ మెరుపంతా రాల్చేసుకుంటారు. ఆడపిట్టలాగే వెలిసిన పసుపు, గొంతు నుంచి పొట్టదాకా ఒక నల్ల చార మాత్రం మిగులుతుంది. కొత్త పిట్ట వచ్చిందనుకుంటారు చాలామంది. ఎర్రవీపు రకం మాత్రం ఏడాదంతా ఒకే వేషం.

మన తేనెపిట్టకు చక్కెర నీళ్ల సీసాలు అక్కర్లేదు. ఒక మందారం, ఒక దానిమ్మ, చోటుంటే మునగ చాలు. నర్సరీల్లో హమేలియా అని ఎర్రటి సన్నపూల మొక్క అమ్ముతారు. హమ్మింగ్‌బర్డ్‌ల దేశం నుంచి వచ్చిన ఆ మొక్క మీద మన తేనెపిట్టలు పొద్దంతా వాలుతూనే ఉంటాయి. ఇంకొక్క మాట, ఇల్లు సర్దేవారికి. దసరాకు బూజు దులుపుకోండి, ఎవరూ కాదనరు. ఉగాదికి మాత్రం పెరటివైపు వరండా మూలల్ని వదిలేయండి. అప్పుడు అక్కడ తేనెపిట్టలు గూళ్లు కడుతుంటాయి.