చేప పద్దున వ్రాసిన నష్టం

అమెరికాలోని శాన్ హువాన్ నదిలో కొలరాడో పైక్‌మిన్నో అనే చేప నశించే దశకు వచ్చినది. దానిని కాపాడబోయి యూట్ తెగల ఆనిమాస్–లా ప్లాటా పథకాన్ని కుదించారనీ, గిరిజనుల నష్టానికి చేపయే కారణమనీ ఒక వాదం కలదు. ఇందులో కొంత నిజమున్నది. 1991లో ఏటా 57,100 ఎకరా-అడుగులకు (ఎకరం మీద అడుగులోతు నీరు ఒక ఎకరా-అడుగు) మించి నది తరుగరాదన్నారు. 2000 నాటి చట్టం సేద్యపు నీటినే తొలగించినది. దానికి ఖర్చు కూడా కారణమే.

కాని లెక్కను 1991లో మొదలుపెట్టడమే దోషం. చేపను దెబ్బతీసిన వానిలో ముఖ్యమైనది 1962లో పూర్తయిన నవహో ఆనకట్ట. అది అడుగునుండి చల్లని నీరు వదలి, వసంతపు వరదను అణచివేసినది. ఆ యేడే ఒకే చట్టం రెండు పథకాలను మంజూరు చేసినది. నీటిని వేరొక నదికి మళ్ళించే శాన్ హువాన్–చామా 1970లలో పూర్తయినది. 1,10,630 ఎకరాల నవహో సేద్యపథకం నేటికీ పూర్తి కాలేదు. 1908 నాటి వింటర్స్ తీర్పు ప్రకారం తెగల హక్కు పాతదే. అయినా చేపకు రక్షణ వచ్చేసరికి ఇతరుల వాడుక అప్పటికే ఉన్న స్థితిగా పరిగణింపబడినది. మిగిలిన నీటికే ఆంక్షలు తగిలినవి. పైగా 1992లో ప్రారంభమైన చేపల పునరుద్ధరణ కార్యక్రమమే తరువాతి జలపథకాలకు అనుమతి మార్గమైనది. ఆ లాభాన్ని ఈ వాదులు ఏ పద్దులోనూ చూపరు.