మందు లేని ఫ్లాస్కు

కణాలు పెంచేవాళ్లకి పొద్దున్నే ఇంక్యుబేటర్ తెరవడమంటే రైతు కొట్టంలోకి తొంగిచూడటమే. మీడియం ఎర్రగా ఉందా, పసుపు తిరిగిందా అన్నదాన్ని బట్టి రాత్రి ఏం జరిగిందో తెలిసిపోతుంది.

నేను పని నేర్చుకునే రోజుల్లో మెథోట్రెక్సేట్‌కు లొంగని ఎలుక కణాలను తయారు చేయడానికి నెలలు పట్టింది. మోతాదు కొద్దికొద్దిగా పెంచాలి. మెట్టు మెట్టుకూ చాలా కణాలు చస్తాయి. మిగిలిన గుప్పెడూ మళ్లీ ఫ్లాస్కు నిండేదాకా ఆగాలి. సీరం కూడా డయాలిసిస్ చేసిందే వాడాలి. మామూలు సీరంలోని థైమిడిన్, హైపోజాంథిన్ అందితే కణాలు మందు దెబ్బ తప్పించుకుంటాయి. అంత శ్రమపడి తెచ్చుకున్నవాటిని, ఇక గట్టిపడ్డాయి కదా అని, కొన్ని వారాలు మందు లేకుండా పెంచాను. మళ్లీ మందు వేసిన వారానికి ఫ్లాస్కు దాదాపు ఖాళీ.

ఆ రోజు ఏడుపొచ్చింది. కారణం మాత్రం నాకంటే ముందే తేలి ఉంది. మెథోట్రెక్సేట్ డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైమ్‌ను పట్టేసి, డీఎన్‌ఏ తయారీని ఆపుతుంది. లొంగని ఎలుక కణాల్లో ఆ ఎంజైమ్ జన్యువు ప్రతులే దాదాపు 200 రెట్లు పెరిగాయని 1978లో స్టాన్‌ఫర్డ్‌లో రాబర్ట్ షిమ్కే, ఫ్రెడరిక్ ఆల్ట్ బృందం చూపింది. ఆ ప్రతులు క్రోమోజోమ్‌లో ఇమిడిపోతే మందు ఆపినా నిలుస్తాయి. విడి ముక్కలుగా ఉంటే వాటికి సెంట్రోమియర్ ఉండదు, కణం చీలినప్పుడు సమంగా పంపకం కావు. మందు లేనిచోట అవి తక్కువున్న కణాలే వేగంగా పెరిగి ఫ్లాస్కును ఆక్రమిస్తాయి. నాకు జరిగింది అదే.

వేరే దారులూ ఉన్నాయి. కొన్ని కణాల్లో ఎంజైమ్ ఆకారమే కాస్త మారి మందు పట్టు జారుతుంది. కొన్ని మందును లోపలికే రానివ్వవు. అందుకే కణాలు మందుకు "అలవాటుపడ్డాయి" అంటే నేను ఒప్పుకోను. మందు కణాలకు ఏమీ నేర్పదు. గుంపులో అప్పటికే తేడాగా ఉన్నవాటిని ఏరుతుంది, అంతే.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లే పరిశోధనశాల నుంచి వచ్చిన మందు ఇది. ల్యుకేమియా పిల్లలకు ఇప్పటికీ ఇస్తున్నారు. ఫ్లాస్కులో చూసిన ఈ ఏరివేత రోగి ఒంట్లోనూ జరుగుతుంది గనక, దాన్ని సరిగ్గా లెక్క రాయడం చిన్న పని కాదు.

కల్చర్ గదిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు నా విన్నపం ఒక్కటే: ఫ్లాస్కు మీద పాసేజ్ నంబరు పక్కనే, చివరిసారి మందు వేసిన తేదీ కూడా రాయండి.