అద్దము చాలని కొయ్యబొమ్మలు

హైదరాబాదు పాతనగరములోని సాలార్‌జంగ్ మ్యూజియమునకు విద్యార్థులను తీసికొనివెళ్ళిన ఉపాధ్యాయులకు ఒక కొయ్యశిల్పము ముందు గుమిగూడే జనము పరిచితమే. ఒకే దుంగలో ముందువైపు గర్విష్ఠి మెఫిస్టోఫిలీస్, వెనుకవైపు తలవంచిన మార్గరెట్టా. 19వ శతాబ్దపు ఫ్రెంచి పని. వెనుక అద్దము నిలిపి రెండు రూపములను ఒకేసారి చూపినారు. గొయ్‌థే నాటకము ఎరుగని పిల్లలు కూడ ఆ అద్దములోకి చూచి ఆశ్చర్యపడుదురు. చూపుకొరకే చెక్కిన బొమ్మకు ఇంతకంటె మంచి ప్రదర్శన అక్కరలేదు.

అయితే కర్మకాండకొరకు చెక్కిన కొయ్యకు ఇదే పద్ధతి చాలునా? పసిఫిక్ సముద్రములోని మెలనీషియా ద్వీపములలో న్యూ ఐర్లండ్ ఒకటి. నేడది పాపువా న్యూగినీలోని భాగము. అచటివారు మృతుల స్మారకోత్సవములకు ‘మలంగన్’ అను శిల్పములు చెక్కుదురు. చేప, పక్షి, పాము, మనిషి ఒకదానిలోనుండి ఒకటి పుట్టుకొచ్చినట్లు ఉండును. వాడు కొయ్య మన సప్తపర్ణి కోవకు చెందిన మెత్తని కొయ్య. (సప్తపర్ణి శాస్త్రనామములో ‘స్కాలారిస్’ అను మాట, దానితో బడిపిల్లల వ్రాతపలకలు చేయుటవలన వచ్చినది.) ఉత్సవము ముగిసినంతనే శిల్పము పని తీరినది. దానిని తగులబెట్టుదురు, లేదా అడవిలో కుళ్ళిపోనిత్తురు. ఆ రూపమును మరల చెక్కించు హక్కు మాత్రము ఒకరినుండి మరియొకరికి సంక్రమించును.

1884 నుండి 1914 వరకు సాగిన జర్మను పాలనలో ఈ బొమ్మలు అనేకము యూరపు చేరినవి. పారవేయవలసిన దానికి వెల పలికినది. హక్కు ద్వీపములోనే ఉండిపోయినది. కొన్నవారికి దక్కినది పొట్టు మాత్రమే అనవచ్చును. పైగా ‘పురాతన’మను చీటి ఒకటి! ఒక్క ఉత్సవమునకు చేసిన బొమ్మకు ప్రాచీనతతో ఏమి పని? రేడియో కార్బన్ పరీక్ష కూడ గత మూడు శతాబ్దముల కొయ్యకు స్పష్టమైన తేదీ చెప్పజాలదు.

మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) 1914లో దివాన్ పదవి విడిచి, శేషజీవితమును వస్తుసేకరణకే వినియోగించినాడు. ఆ సేకరణయే 1951లో మ్యూజియమైనది. ఆయన కన్ను మెచ్చదగినదే; కాని అది కొనుగోలుదారు కన్ను. అంగడిలో వస్తువు దొరకును, దానిని వాడిన జనము దొరకరు. అదే కాలమున, 1940లో, ఫ్యూరర్ హైమెండార్ఫ్ నిజాం రాజ్యములోని చెంచుల నడుమ నివసించి, వారి పనిముట్లను వారి జీవనముతోపాటు గ్రంథస్థము చేసినాడు. 1943లో వెలువడిన ఆ గ్రంథములో ప్రతి వస్తువు వెనుక ఒక మనిషి కనబడును. ఎవరు చేసిరి, ఎందుకు వాడిరి, వాడిన పిమ్మట ఏమి చేసిరి అను మూడు ప్రశ్నలకు జవాబు లేని చీటి ఏ మ్యూజియములో ఉన్నను నాకు అసంపూర్ణముగనే తోచును.

ఉదాహరణకు దూరము పోనక్కరలేదు. పాతనగరములోనే, దబీర్‌పురాలోని బీబీకా అలావాలో, ఒక ఆలము ఉన్నది. ఫాతిమా బీబీ అంత్యస్నానమునకు వాడిన పీటముక్క అందులో ఇమిడియున్నదని భక్తుల విశ్వాసము. మొహర్రం 10వ నాడు దానిని ఏనుగుపై ఊరేగింతురు. ఆ వీధులలో నిలిచినవారిలో చెక్కడపు పనితనము చూడవచ్చినవారు ఎవరును ఉండరు.