తూటాలో చోటెంత?

తూటా పేలాక బుల్లెట్ వెళ్ళిపోతుంది, మందు కాలిపోతుంది, ఆ మందును అంటించే ప్రైమర్ పనికిరాకుండా పోతుంది. ఇత్తడి కేసు మాత్రం మిగులుతుంది. అమెరికాలో పిస్టల్ పోటీలకు వెళ్ళేవాళ్ళు చాలామంది ఆ కేసులను ఏరి దాచుకుంటారు. వాటిని కడిగి, డైలో నొక్కి అసలు కొలతకు తెచ్చి, కొత్త ప్రైమర్, తూచిన మందు, కొత్త బుల్లెట్ పెట్టి మళ్ళీ తూటా చేస్తారు. ఖర్చు తగ్గుతుంది. తమ పిస్టల్‌కు నప్పే తూటా చేతికొస్తుంది. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఈ పని చేయడం నేరం.

ఒకప్పుడు మందు ఎక్కువైందో లేదో తుపాకీయే చెప్పేది. .44 మాగ్నమ్ తూటా పుట్టుకకు దారి వేసిన ఎల్మర్ కీత్ చేతిలో 1925లో ఒక .45 కోల్ట్ రివాల్వర్ పగిలిపోయింది. ఆయన .44 స్పెషల్ తూటా వైపు మళ్ళింది ఆ తర్వాతే. అలాంటి ప్రమాదాన్ని ముందే లెక్కలో పసిగట్టడానికి వచ్చినవే క్విక్‌లోడ్, గోర్డన్స్ రీలోడింగ్ టూల్ వంటి సాఫ్ట్‌వేర్లు.

ఈ లెక్కకు మూలం చాలా పాతది. బెంజమిన్ రాబిన్స్ అనే ఆంగ్లేయుడు వేలాడే చెక్కదిమ్మెలోకి గుండు పేల్చి, దిమ్మె ఎంత ఊగిందో కొలిచి గుండు వేగం లెక్కకట్టాడు. దీనిపై 1742లో పుస్తకం రాశాడు. తర్వాత ఈస్టిండియా కంపెనీ ఇంజనీరుగా మన తీరానికే వచ్చి, 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో కన్నుమూశాడు.

సాఫ్ట్‌వేర్ ముందుగా అడిగేది కేసులో చోటెంత అని. పేలిన కేసును, పాత ప్రైమర్ తీయకుండా, ఖాళీగా ఒకసారి తూస్తారు. అంచుదాకా నీళ్ళు పోసి మళ్ళీ తూస్తారు. ఆ తేడాయే చోటు. దానికి బుల్లెట్ పొడవు, అది లోపలికి దిగిన లోతు, బ్యారెల్ పొడవు, మందు కాలే తీరు కలిపితే ఒత్తిడి ఎంతకు ఎగబాకుతుందో, బుల్లెట్ ఏ వేగంతో బయటపడుతుందో తెరమీద గీత చూపిస్తుంది.

లోతు గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 9 ఎంఎం కేసు చిన్నది. బుల్లెట్లు చేసే స్పియర్ కంపెనీ తన పాత చేతిపుస్తకంలో ఒక ప్రయోగం రాసింది: బుల్లెట్‌ను అంగుళంలో 0.030 వంతు, అంటే మిల్లీమీటరు కూడా కాదు, అదనంగా లోపలికి దించితే ఒత్తిడి 28,000 యూనిట్ల నుంచి 62,000కు ఎగిరింది. మందు అంతే, బుల్లెట్ అదే. చోటు తగ్గిందంతే! ఈ ప్రమాదాన్ని తుపాకీ పేల్చకుండా, బల్ల దగ్గరే చూపించడమే సాఫ్ట్‌వేర్ చేసే అసలు మేలు.

చేతి తుపాకుల్లో ఈ ముందుచూపు మరీ అవసరం. .38 స్పెషల్‌కు అమెరికా తయారీదారుల సంస్థ సామీ పెట్టిన పరిమితి 17,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). పేల్చాక ప్రైమర్ చదునైందా అని చూసి ఒత్తిడిని అంచనా వేసే అలవాటు ఇక్కడ పనికిరాదు. ప్రైమర్ చదునయ్యేసరికి ఆ పరిమితి ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

అలాగని తెరమీద అంకెను గుడ్డిగా నమ్మకూడదు. త్వరగా కాలే పిస్టల్ మందులు, చిన్న కేసుల విషయంలో ఈ లెక్క తప్పే అవకాశం ఎక్కువ. ఒకే మందు కూడా ఒక లాటుకూ మరో లాటుకూ కొంచెం తేడాగా కాలుతుంది. అందుకే అనుభవజ్ఞులు మందు కంపెనీ పుస్తకంలోని ప్రారంభ మోతాదుతోనే మొదలుపెడతారు. క్రోనోగ్రాఫ్‌తో వేగం కొలుస్తారు. అది పుస్తకంలోని గరిష్ఠ మోతాదు వేగాన్ని అందుకుందంటే, మందు తక్కువే వేసినా సరే, అక్కడితో ఆగిపోతారు.

చేతి పొరపాట్లు మాత్రం ఏ లెక్కకూ అందవు. ఒకే కేసులో రెండుసార్లు మందు పడిపోవడం వాటిలో అతి ప్రమాదకరమైనది. 1898 నుంచి వాడుకలో ఉన్న బుల్స్‌ఐ లాంటి మందు కేసు అడుగున కాస్తే ఉంటుంది, రెండింతలైనా కంటికి ఆనదు. అందుకే బుల్లెట్లు పెట్టేముందు కేసులన్నీ వరుసగా నిలబెట్టి టార్చి వేసి చూస్తారు. కేసు ఎంత శాతం నిండుతుందో కూడా సాఫ్ట్‌వేర్ చెబుతుంది గనుక, ఆ అంకె చూసి సగానికి పైగా నిండే మందును ఎంచుకునేవాళ్ళూ ఉన్నారు. రెండోసారి పడితే అది కేసులో పట్టక పొర్లి బల్లమీద పడుతుంది.