గోరంత కార్డులో ఘంటసాల

నాన్న చొక్కా జేబులోంచి సెల్‌ఫోను జారి బోదెలో పడింది. తణుకు పక్కన మా చేలకు నీళ్లు తెచ్చే మోకాలి లోతు బోదె. చేతికి దొరికేసరికి ఫోను పని అయిపోయింది. నాన్న వెనక మూత విప్పి, లోపలి మెమరీ కార్డును తువ్వాలుతో తుడిచి ఎండలో పెట్టారు. సాయంత్రం దాన్ని నా ఫోనులో వేస్తే ఘంటసాల గొంతు ఎక్కడా తడబడకుండా వచ్చింది. అప్పటినుంచీ ఆ కార్డంటే నాకు ప్రాణం.

దాన్ని 2010 ప్రాంతంలో తణుకులో ఒక సెల్ షాపులో కొన్నాం. ‘పాటలు ఎక్కించబడును’ అని బోర్డులుండే రోజులు. “పాతవాండీ, కొత్తవాండీ?” అని కుర్రాడు అడిగితే, “అన్నీ ఘంటసాల గారివే ఎక్కించు బాబూ” అన్నారు నాన్న. (ఆ పాటల హక్కుదారులకు అందులో పైసా ముట్టలేదు. అది న్యాయం కాదని ఇప్పుడు తెలుసు.) 2 జీబీ కార్డు అది. అందులో ఎన్ని పాటలు పడతాయో లెక్క చూద్దాం. 78 ఆర్‌పీఎం గ్రామఫోను రికార్డుకు ఒక్కో వైపు మూడు నిమిషాలకు కాస్త అటూఇటూగా పట్టేది. మన పాత సినిమా పాటల నిడివి చాలావరకు ఆ కొలతకే కుదురుకుంది. అలాంటి మూడు నిమిషాల పాట సీడీలో దాదాపు 32 ఎంబీ తింటుంది. 128 కేబీపీఎస్ ఎంపీ3గా మారిస్తే 3 ఎంబీ కూడా ఉండదు. డప్పు మోగుతుంటే పక్కవాడి గుసగుస వినబడదు కదా, అలా చెవి ఎటూ పట్టుకోలేని శబ్దాలను వడగట్టేయడమే ఎంపీ3 కిటుకు. ఆ లెక్కన నాన్న కార్డులో 680 పాటలకు పైగా పడతాయి. రికార్డుల్లోనైతే 340 పళ్లేలు కావాలి.

ఈ కార్డు పనితనం తెలియాలంటే ముందు దాని అన్నగారిని చూడాలి. 2001 అక్టోబరు 23న ఆపిల్ బయటపెట్టిన తొలి ఐపాడ్‌లో పాటలు నిలవ చేసింది చిప్పు కాదు, తోషిబా వారి 1.8 అంగుళాల హార్డ్ డిస్కు. 5 జీబీ, వెయ్యి పాటలు. నిమిషానికి 4,200 చుట్లు తిరిగే పళ్లెం జేబులో ఉంటే బ్యాటరీ ఎంతసేపు ఆగుతుంది? నడిచేవాడి కుదుపుకు పాట తెగదా? వాళ్లు కనిపెట్టిన ఉపాయం నాకు ఎప్పుడు తలచుకున్నా ముచ్చటేస్తుంది. లోపల 32 ఎంబీ మెమరీ పెట్టారు. డిస్కు ఒక్కసారి లేచి, సుమారు ఇరవై నిమిషాల పాటలను ఆ మెమరీలోకి గబగబా తోడిపోసి, మళ్లీ పడుకుంటుంది. మోటారు వేసి తొట్టి నింపి కట్టేసి, తర్వాత తీరిగ్గా తొట్టిలోంచి వాడుకున్నట్టు. పాట సాగుతున్న సమయంలో ఎక్కువ భాగం డిస్కు నిద్రలోనే ఉంటుంది. పది గంటల బ్యాటరీ వెనక కథ అదే.

ఆ ఐపాడ్‌కు గుండెకాయ లాంటి చిప్పును, దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్‌లో ప్రధాన భాగాన్ని ఇచ్చింది పోర్టల్‌ప్లేయర్ అనే అమెరికా కంపెనీ. దాని ఇంజినీరింగ్ శాఖ హైదరాబాదులో ఉండేది, జె.ఎ. చౌదరి సారథ్యంలో. 2007లో ఆ కంపెనీని ఎన్‌విడియా కొనేసింది. జగమంతా మెచ్చిన ఆ పెట్టె మీద ఎక్కడా హైదరాబాదు పేరు లేదు.  నాకది వెలితే.

ఇక తమ్ముడి దగ్గరికి వద్దాం. మైక్రోఎస్‌డీ కార్డు 15 మిల్లీమీటర్ల పొడవు, 11 వెడల్పు, 1 మందం. 2004లో శాన్‌డిస్క్ ట్రాన్స్‌ఫ్లాష్ పేరుతో తెచ్చింది. మరుసటేడు మైక్రోఎస్‌డీ పేరుతో ప్రమాణమైంది. తిరిగే భాగం ఒక్కటీ లేదు. సిలికాన్ ముక్కలను పలచగా అరగదీసి, సన్నని తీగలతో కలిపి, మొత్తాన్ని రెసిన్‌లో పోతపోస్తారు. బోదె నీళ్లు ఏమీ చేయలేకపోయింది అందుకే.

లోపలున్నది తోషిబాలో ఫుజియో మసువోకా 1980లలో రూపుదిద్దిన ఫ్లాష్ మెమరీ. చుట్టూ గాజు లాంటి పొరతో మూసేసిన బుల్లి గదిలోకి ఎలక్ట్రాన్లను తోసి బంధిస్తారు. కరెంటు తీసేసినా అవి అక్కడే ఉంటాయి. గదిలో ఎన్నున్నాయన్నదే అక్షరం. కానీ ఆ గదులు అంత నమ్మకస్తులు కావు. కొన్ని ఫ్యాక్టరీలోనే చెడి పుడతాయి, కొన్ని వాడేకొద్దీ అరుగుతాయి, అన్నీ ఏళ్ల తరబడి కొంచెం కొంచెం కారుతుంటాయి. అందుకని ప్రతి కార్డులోనూ కాపలాగా ఒక బుల్లి ప్రాసెసర్‌ను పెట్టారు. చెడ్డ గదులను పక్కన పెడుతుంది, రాత భారాన్ని గదులన్నిటికీ పంచుతుంది, తప్పులు దిద్దుతుంది.

దిద్దే పద్ధతి మనకు కొత్తేం కాదు. నన్నయ మా ఊరివాడేనని తణుకులో చెప్పుకుంటాం. అలాంటి కవుల పద్యాల్లో, తాటాకు మీద పురుగు తిన్న అక్షరాన్ని పరిష్కర్త ఎలా పట్టుకుంటాడు? గణం, యతి, ప్రాస అక్కడ ఎలాంటి అక్షరం ఉండాలో చాలావరకు చెప్పేస్తాయి. కార్డు కూడా అంతే. పాటతో పాటు దాన్ని కట్టిపడేసే అదనపు అంకెలు కొన్ని రాసుకుంటుంది. పాటలో కొన్ని అంకెలు చెరిగినా, ఆ కట్టుబాటును బట్టి పోయినవాటిని తిరిగి రాబడుతుంది. నాన్న కార్డులో ఘంటసాల తడబడని ప్రతి క్షణం వెనకా ఎన్ని దిద్దుబాట్లు జరుగుతున్నాయో!

అయినా గదులు కారుతూనే ఉంటాయి కనుక మొన్న సంక్రాంతికి ఆ పాటలను కొత్త కార్డులోకి ఎక్కించాను. నాన్న వసారాలో స్పీకరు బాక్సు పెట్టుకుని విని, రెండో పాట దగ్గరే ఆపారు. “వరస మారింది రా” అన్నారు. నిజమే. ఆ బాక్సు పాటల పేర్లు చూడదు, కార్డులోకి ఏ వరసలో ఎక్కితే ఆ వరసలోనే పాడుతుంది. నేను అక్షరక్రమంలో పడేశాను. కొత్త కార్డు చెరిపి, పాతదాన్ని పక్కన పాడించుకుంటూ, ఆ సెల్ షాపు కుర్రాడు పదిహేనేళ్ల కిందట ఎక్కించిన వరసలోనే ఒక్కొక్క పాటా మళ్లీ ఎక్కించాను. రెండు రాత్రులు పట్టింది.