రెండు గీతల లెక్క

బెజవాడ ఆటోనగర్‌లో మా మెకానిక్ క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచెయ్యట్లేదనే పి0420 కోడ్ పడగానే దాన్ని మార్చెయ్యమనడు. ఇంజను బాగా వేడెక్కనిచ్చి, రేసు 2,500 ఆర్‌పీఎం దగ్గర పట్టి, స్కానర్ మీద రెండు గీతలు చూస్తాడు. మా పాత కారులో ముందు ఆక్సిజన్ సెన్సర్ గీత 0.1, 0.9 వోల్టుల మధ్య ఎగిరెగిరి పడాలి. వెనకది 0.6, 0.7 దగ్గర కుదురుగా ఉంటే కన్వర్టర్ ఆక్సిజన్‌ను దాచుకుంటున్నట్టే. అదీ ముందుదానితోపాటు గంతులేస్తేనే అనుమానం. అయినా తొందరపడడు. మర్నాడు పొద్దున్నే చల్లటి ఇంజను స్టార్ట్ చేసి, పొగ గొట్టం జాయింటు దగ్గర చెవొగ్గి టప్‌టప్ చప్పుడు వింటాడు, మసి మరక వెతుకుతాడు. అక్కడ గాలి చొరబడినా రీడింగు తప్పుతుంది. కన్వర్టర్‌లో ఉండేది ప్లాటినం, పలాడియం, ఊరికే వస్తుందా! నా కారుకి చివరికి మార్చింది ఆ జాయింటు దగ్గరి ఓ ప్యాకింగు.