క్లాస్ టీచర్ పనితనం

ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలకు దయ నేర్పడం లెక్కలు నేర్పడం కన్నా కష్టం. ఆ వయసులో అవమానం చాలా లోతుగా దిగుతుంది; పెద్దలు చెప్పే నీతి మాత్రం చెవి దాటి లోపలికి పోదు. అందుకే మంచి క్లాస్ టీచర్ ఉపన్యాసం జోలికి పోరు. బెంచీలు మారుస్తారు, జట్లు కడతారు.

1971లో అమెరికాలోని ఆస్టిన్ బడుల్లో ఎలియట్ అరాన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన విద్యార్థులు ఈ పనికి ఒక పద్ధతి కనిపెట్టారు. తెల్ల, నల్ల, మెక్సికన్ మూలాల పిల్లలు అప్పుడప్పుడే ఒకే గదిలో కూర్చుంటున్న రోజులవి. గొడవలు రేగుతున్నాయి. అరాన్సన్, ఆయన విద్యార్థులు పాఠాన్ని ముక్కలు చేసి, జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చారు. తడబడుతూ చెప్పే పిల్లవాణ్ని వెక్కిరిస్తే ఆ ముక్క మిగతావారికి అందదు. పరీక్షలో అదీ వస్తుంది. దాంతో వెక్కిరింత తగ్గి, అతని చేత చెప్పించుకునే ప్రశ్నలు మొదలయ్యాయి.

మన జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఈ పద్ధతి పేరు వినకుండానే ఇలాంటి పని చేసే టీచర్లున్నారు. కొత్తగా చేరిన పిల్లను మధ్యాహ్న భోజనంలో ఎవరి పక్కన కూర్చోబెట్టాలో వాళ్లకు తెలుసు. మారుపేరు పెట్టి ఏడిపించిన కుర్రాణ్ని అందరి ముందు నిలదీయరు. తర్వాత విడిగా పిలిచి, "ఆ మాట నిన్నంటే ఎలా ఉండేదిరా?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఎదురుచూస్తారు. ఆ ఓపికే నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపిస్తుంది. అయిపోని సిలబస్ మధ్య, నింపాల్సిన యాప్‌ల మధ్య ఆ కాస్త సమయం ఎలా మిగుల్చుకుంటారో! ఉపాధ్యాయ శిక్షణ తరగతుల్లో వాళ్ల చేతే తోటివారికి ఈ పని నేర్పిస్తే ఎంత బాగుంటుంది.